ఎస్టిమేట్ల బల్ల నుండి నిజాం దర్బారు వరకు – రాజా దీన్‌దయాళ్ జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని వ్రాసి పంపమని కార్యవర్గం వారు కోరారు. దేశనాయకులను గూర్చి, సంఘ సంస్కర్తలను గూర్చి చక్కగా వ్రాయగల పెద్దలు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఆ దారికి పోకుండా, మనవంటి ఒక మాజీ ప్రభుత్వోద్యోగిని ఎంచుకున్నాను. ఆయన పబ్లిక్ వర్క్స్ శాఖలో ప్లాన్లు గీసి, ఎస్టిమేట్లు వేసిన మనిషి. నలభై ఏళ్లు దాటీ దాటకముందే ఉద్యోగం వదలిపెట్టి, కెమెరా పట్టుకుని, హైదరాబాదు ఆరవ నిజాం చేత రాజా బిరుదు పొందారు. ఆయన పేరు రాజా దీన్‌దయాళ్.

ఈయన నవాబులను, వైస్రాయిలను ఫోటోలు తీసిన వాడుగా చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆయన కట్టడాలను తీసిన తీరు మీద ఎక్కువ మక్కువ. కారణం చెబుతాను. నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంజనీరింగు శాఖ డివిజను కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనాను. నా బల్ల పక్కనే డ్రాయింగు బ్రాంచి ఉండేది. ట్రేసింగు గుడ్డ మీద ఇండియన్ ఇంకుతో గీతలు గీసే డ్రాఫ్ట్స్‌మన్లను రోజూ చూసేవాణ్ణి. కట్టడమంటే వాళ్లకు ముందు గీత, తర్వాత కొలత, ఆ తర్వాతే గోడ. దీన్‌దయాళ్ గారి ఫోటోలను తొలిసారి ఒక పుస్తకంలో చూసినప్పుడు, ఇవి డ్రాఫ్ట్స్‌మన్ చూపుతో తీసిన బొమ్మలని నాకు ఇట్టే తోచింది. తర్వాత ఆయన చరిత్ర చదివితే అది నిజమే అయింది.

జననం, చదువు

దీన్‌దయాళ్ గారు 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. వారిది నగల వ్యాపారం చేసే వంశం. ఫోటోగ్రఫీ అనే విద్య 1839లో ఫ్రాన్సులో లోకానికి వెల్లడైంది. అంటే ఆయనకన్నా ఆ విద్య అయిదేళ్లే పెద్దది. చిన్న వస్తువును దగ్గరగా పట్టుకుని లోపం వెతికే చూపు నగల పని చేసే ఇళ్లలో పిల్లలకు పెట్టి పుట్టినట్లు వస్తుందంటారు. ఆ మాట ఈయన విషయంలో ఎంత నిజమో గాని, ఇంటి వృత్తి వదలి ఆయన ఇంజనీరింగు చదువుకు వెళ్లారు.

రూర్కీలో 1847లో నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాల అప్పటికి థామసన్ కళాశాలగా పేరు పొందింది. గంగా కాలువ పనులకు కావలసిన సిబ్బందిని తయారు చేయడం దాని మొదటి ఉద్దేశం. ఇప్పుడు అదే రూర్కీ ఐ.ఐ.టి. అక్కడ సర్వే, డ్రాయింగు, కొలతలు, లెక్కలు నేర్పేవారు. దీన్‌దయాళ్ గారు ఆ చదువు పూర్తి చేసి 1866లో ఇండోరులోని పబ్లిక్ వర్క్స్ సెక్రటేరియట్ కార్యాలయంలో హెడ్ ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండేళ్లు.

మన శాఖల్లో పనిచేసిన వారికి ఆ ఉద్యోగం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. గోడ పొడవెంత, మందమెంత, ఎత్తెంత. ఇటుక ఎంత, సున్నం ఎంత, కూలి ఎంత అని వరుసగా వేసి, కూడి, అబ్‌స్ట్రాక్టు తీసి, పైకి పంపాలి. కట్టడం ఇంకా నేలమీద లేకముందే దాన్ని కాగితం మీద పూర్తిగా చూడగలగాలి. ఒక మూల అంగుళం తేడా వచ్చినా ఆడిట్ వారు వదలరు. ఇటువంటి పని ఏళ్ల తరబడి చేసిన వాడి కన్ను ఇక దేనిని చూసినా నిలువు, అడ్డం, మూలమట్టం వెతుకుతుంది.

ఉద్యోగంలో ఉండగానే కెమెరా

ఆయన 1874 ప్రాంతంలో ఫోటోగ్రఫీ మొదలుపెట్టారు. ఆఫీసు పని ఆఫీసు పనే, ఇది ఖాళీ సమయంలో పని. మధ్య భారతంలో గవర్నరు జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆదరించారు. వేల్సు యువరాజు 1875-76లో ఇండియాకు వచ్చినప్పుడు ఆ యాత్ర ఫోటోలు తీసే అవకాశం ఆయనకు వచ్చింది. గుమాస్తా బల్ల దగ్గర కూర్చునే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్ అనే అధికారితో కలిసి ఆయన బుందేల్‌ఖండ్, మధ్య భారత ప్రాంతాలు తిరిగారు. గ్వాలియరు కోట, దతియా, ఓర్ఛా ప్రాసాదాలు, ఖజురహో ఆలయాలు, సాంచి స్తూపం వంటి కట్టడాలను తీశారు. ఆ చిత్రాలలో ఎనభైకి పైగా ఏరి, మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలన్న పేరుతో 1886లో పెద్ద గ్రంథంగా వెలువరించారు.

ఆ ప్రయాణాలు ఎంత శ్రమో ఈ కాలం పిల్లలకు చెప్పినా నమ్మరు. ఫిల్ము రీలు లేదు. ప్రతి ఫోటోకు ఒక గాజు పలక. పెద్ద పలక పది అంగుళాలు, పన్నెండు అంగుళాలు కూడా ఉండేది. అంతకు ముందు పద్ధతిలోనైతే పలక మీద మందు పూసి, అది తడిగా ఉండగానే ఫోటో తీసి, అక్కడికక్కడే గుడారంలో చీకటి చేసుకుని కడగాలి. తర్వాత పొడి పలకలు వచ్చాయి, కొంత సుఖమైంది. అయినా గాజు గాజే. కెమెరా, మూడు కాళ్ల స్టాండు, పలకల పెట్టెలు బండ్ల మీద వేసుకుని, రాళ్ల దారిలో ఒక్కటీ పగలకుండా తెచ్చుకోవాలి. తిరిగి వచ్చాక కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ఎండలో అచ్చు తీయాలి.

ఆ పని పూర్తి చేయడానికి ఆయన రెండేళ్లు ఫర్లో సెలవు పెట్టారు. సెలవు ముగిశాక కొద్ది కాలానికే ఉద్యోగం నుండి విరమించుకున్నారు. సుమారు ఇరవై ఏళ్ల సర్వీసు. నెల తిరిగేసరికి జీతం వచ్చే సర్కారు కొలువు, అదీ హెడ్ స్థానం, పెళ్లాం పిల్లలు ఉన్నవాడు వదలుకోవడం ఆ రోజుల్లో ఎంత సాహసమో మనకు తెలుసు. మనలో ఎంతమందిమి ఒక పాటో, ఒక నాటకమో, ఒక వ్యవసాయమో రిటైరైన తర్వాత చూసుకుందామని వాయిదా వేసి, తీరా ఆ రోజు వచ్చేసరికి కళ్లు, మోకాళ్లు సహకరించక ఊరుకున్నాం! ఆయన కళ్లు బాగున్నప్పుడే ఆ నిర్ణయం తీసుకున్నారు.

కట్టడాన్ని ఫోటో తీయడమంటే

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయం చెప్పక తప్పదు. ఎత్తయిన గోపురాన్ని మనం సెల్‌ఫోను పైకెత్తి తీస్తే, అది పైకి పోను పోను సన్నబడి, వెనక్కు వాలినట్లు పడుతుంది. గోపురం వాలలేదు, మనం కెమెరాను వాల్చాం. ఆనాటి పెద్ద కెమెరాలో దీనికి ఉపాయం ఉండేది. కెమెరాను నిటారుగానే ఉంచి, కటకం బిగించిన ముందు పలకను మాత్రం పైకి జరిపేవారు. అప్పుడు శిఖరం కూడా బొమ్మలోకి వస్తుంది, గోడలు నిట్టనిలువుగానే ఉంటాయి. వెనుక ఉన్న గరుకు అద్దం మీద బొమ్మ తలక్రిందులుగా కనబడుతుంది. నల్లగుడ్డ కప్పుకుని, ఆ తలక్రిందుల బొమ్మలో గీతలు సరిచూసుకోవాలి. తలక్రిందులుగా చూసినప్పుడు అది కోటా గుడా అన్నది మనసుకు తట్టదు, గీతలు, చదరాలు, వంపులే కనబడతాయి. డ్రాఫ్ట్స్‌మన్‌కు ఇంతకన్నా అనువైన పని ఏముంటుంది?

రెండవది, ఎక్కడ నిలబడాలన్న విషయం. మా ఆగిరిపల్లి, నూజివీడు ప్రాంతంలో మామిడి తోటలు చతురస్రపు పద్ధతిలో వేస్తారు. తాడు పట్టి, గుర్తులు పెట్టి, అంత దూరానికి ఒక గుంట తీస్తారు. పెరిగిన తోటలో వరుస మొదట్లో సరిగ్గా నిలబడితే చెట్టు వెనుక చెట్టు దాగి, నడిమి బాట చివరిదాకా గీత గీసినట్లు కనబడుతుంది. ఒక్క అడుగు ప్రక్కకు వేయండి, మొత్తం కలగాపులగమవుతుంది. ఇంకొంచెం జరిగితే ఈసారి ఐమూలగా వరుసలు తేలుతాయి. తోట మారలేదు, మనం నిలబడ్డ చోటు మారింది. స్తంభాల మండపాన్ని, కమానుల వరుసను ఫోటో తీసేవాడికి ఇదే మొదటి పాఠం. దీన్‌దయాళ్ గారి చిత్రాలలో కమానులు ఒకదాని వెంట ఒకటి చక్కగా తేలడం చూస్తే, ఆయన ఆ చోటు కోసం ఎంత నడిచి ఉంటారో అనిపిస్తుంది.

మూడవది వెలుగు. రంగులు లేని బొమ్మలో గోడకు, గోడకు తేడా చెప్పేది నీడ ఒక్కటే. ఆనాటి పలకలకు నీలిరంగు తెల్లగా పడేది, ఎరుపు నల్లగా పడేది. కనుక ఆకాశం కాగితంలా తెల్లబోయేది. సున్నం కొట్టిన మేడ ఆ తెల్లదనంలో కలిసిపోకుండా ఉండాలంటే ఎండ ప్రక్కగా పడే వేళ చూసుకుని, ఒక ముఖం వెలుగులో, ఒక ముఖం నీడలో ఉండేట్లు తీయాలి. అప్పుడే మూల తెలుస్తుంది. నలుపు తెలుపు ఫోటో కట్టడానికి రంగు తీసివేసి, దాని లెక్కను మాత్రం మిగులుస్తుంది.

హైదరాబాదు రావడం

1880ల మధ్యలో ఆయన హైదరాబాదు చేరారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1884లో పూర్తి అధికారాలు స్వీకరించారు. అప్పటికి ఆయన ఇంకా పద్దెనిమిదేళ్లు నిండని యువకుడు. దీన్‌దయాళ్ గారిని తన ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించుకున్నారు. ఇంచుమించు అదే సమయంలో వైస్రాయి లార్డ్ డఫ్రిన్ కూడా ఆయనను తమ ఫోటోగ్రాఫరుగా గుర్తించారు. సికింద్రాబాదులో స్టూడియో వెలసింది. ఇండోరులో ముందే ఒకటి ఉంది. 1896లో బొంబాయిలో మరొక పెద్ద స్టూడియో తెరిచారు.

1892లో హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ఎదుట ఫోటోకు కూర్చోరు. అందుకని ఎత్తయిన గోడల నడుమ, పని చేసేవారంతా స్త్రీలే ఉండేట్లు ఏర్పాటు చేసి, కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళను దానికి అధికారిణిగా నియమించారు. మన పింఛను కాగితాల మీద ఆలుమగల జాయింటు ఫోటో అతికించడం మామూలు విషయమైపోయింది. ఒకప్పుడు స్త్రీ ముఖం ఫోటోలో పడడానికే ఒక కట్టడం కట్టవలసి వచ్చిందంటే ఈ తరం వారు ఆశ్చర్యపోతారు.

1893లో అమెరికాలోని షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు బహుమానం లభించింది. 1894లో నిజాం ప్రభువు ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదునిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. నిజాం స్వయంగా కవి. తన ఫోటోగ్రాఫరు ప్రతిభను మెచ్చుకుంటూ ఒక ఉర్దూ ద్విపద కూడా చెప్పారు. 1897లో విక్టోరియా రాణి తరఫున రాజముద్ర వాడుకునే హక్కు ఆ సంస్థకు దక్కింది.

నిజాం రాజ్యంలో ఆయన తీసిన కట్టడాల బొమ్మలు ఎన్నో. 1591లో కట్టిన చార్మినారు, దాని చుట్టూ బజారు, గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులు, చౌమహల్లా, బషీర్‌బాగ్, ఫలక్‌నుమా ప్రాసాదాలు, ఎల్లోరా గుహాలయాలు. వీటిలో ఫలక్‌నుమా అప్పటికి సరికొత్త కట్టడం. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో ఆ మేడ పని ఆరంభించారు. 1897లో అది నిజాం పరమైంది. అంటే మన దీన్‌దయాళ్ గారు పాత కట్టడాల ఫోటోగ్రాఫరు మాత్రమే కారు. ఆ రోజులకు నవీనమనిపించుకున్న మేడలను, వాటి కొత్త సున్నం ఆరీ ఆరకముందే పలక మీదికి ఎక్కించారు. కుతుబ్‌షాహీ సమాధిని చూడండి. క్రింద చదరపు దిమ్మె, దాని చుట్టూ కమానులు, పైన గుండ్రని గుమ్మటం. చతురస్రం మీద వృత్తం నిలిపిన రేఖాగణితం అది. అందమంతా ఆ లెక్కలోనే ఉంది.

నెక్కొండ పులి, ఔరంగాబాదు కరువు

ఆయన సంస్థ తీసిన చిత్రాలలో మన తెలుగు ప్రాంతానికి సంబంధించినది ఒకటి లోకప్రసిద్ధమైంది. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ దంపతులు వరంగల్లు జిల్లా నెక్కొండ దగ్గర వేటకు వచ్చి, చంపిన పులి వెనుక నిలబడి తీయించుకున్న ఫోటో అది. బెజవాడ నుండి సికింద్రాబాదుకు 1889లో రైలు కలిసింది. ఆ దారిలో మహబూబాబాదు, కేసముద్రం దాటాక నెక్కొండ స్టేషను వస్తుంది. మనలో ఎంతోమందిమి ఆఫీసు పనుల మీద హైదరాబాదు వెళ్తూ, వస్తూ ఆ బోర్డును వందలసార్లు చూసిన వాళ్లమే. అక్కడ ఒకప్పుడు పులులుండే అడవి ఉండేదని ఆ ఫోటో సాక్ష్యం చెబుతుంది.

అయితే దర్బారుల వెలుగే కాదు, పంతొమ్మిదవ శతాబ్దం చివరి కరువు రోజుల్లో ఔరంగాబాదు ప్రాంతంలో నిజాం ప్రభుత్వం జరిపిన సహాయ పనులను కూడా ఆ సంస్థ ఫోటోలు తీసింది. ఒకే కెమెరా నిజాం విందు బల్లను, కరువు కూలీల వరుసను చూసింది. విందు బల్ల మీద వెండి సామాను ఎంత తేటగా పడిందో, కూలీల డొక్కలూ అంత తేటగా పడ్డాయి. చూపించినదాన్ని దిద్దకుండా పట్టుకునే గుణం ఆ పలకలో ఉంది. లెక్క వ్రాసే గుమాస్తాకు కూడా అదే గుణం ఉండాలని మా పెద్దలు చెప్పేవారు.

ఇంకొక అలవాటు నన్ను ముగ్ధుణ్ణి చేసింది. ఆయన సంస్థలో నెగటివులకు వరుస నంబర్లుండేవి. చాలా బొమ్మల అడుగున నంబరు, అది ఏ కట్టడమో, ఏ ఊరో, తీసిన వారి పేరు వ్రాసి ఉంటుంది. ఇన్‌వర్డు రిజిస్టరులో నంబరు వేయనిదే ఏ కాగితాన్నీ కదలనివ్వని ఆఫీసు సంస్కారం అది. ఈ నంబర్లు, ఈ పేర్లు లేకపోతే ఈనాడు ఆ బొమ్మలలో సగం ఏవో ఒక పాత మేడలు, ఎవరో ఒక పాత మనుషులు అయిపోయేవి.

ఆఖరి రోజులు, మిగిలిన గాజు

1903లో ఢిల్లీ దర్బారు చిత్రాలు కూడా ఆ సంస్థ తీసింది. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ వ్యాపారంలో తోడుగా ఉండడం వల్ల సంస్థకు రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్ అని పేరు. దీన్‌దయాళ్ గారు 1905 జూలై 5న తమ అరవై ఒకటవ యేట కన్నుమూశారు. అప్పటికి బిరుదులున్నాయి, పేరుంది, మూడు నగరాలలో పని నడిచిన కీర్తి ఉంది. 1911లో మహబూబ్ అలీఖాన్ కూడా పోయారు. ఇంతలో చేతి కెమెరాలు, ఫిల్ము రీళ్లు వచ్చి ఫోటో తీయడం సులువైంది. ప్రభువుల ఆదరం మీద నడిచిన పెద్ద స్టూడియోల కాలం మెల్లగా తీరిపోయింది.

ఆయన పోయిన మూడేళ్లకు, 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. వీధులకు వీధులే కొట్టుకుపోయాయి. ఆ వరదకు ముందటి నగరం ఎట్లా ఉండేదో తెలుసుకోవాలంటే ఇప్పుడు మనకు ఆయన పలకలే దిక్కు. బషీర్‌బాగ్ ప్రాసాదం సంగతీ అంతే. ఈ రోజు హైదరాబాదులో ఆ పేరుతో పేట ఉంది, మేడ లేదు. ఆ మేడ లోపలి పెద్ద హాలు, ఆ దీపాలు, ఆ బల్లల వరుస ఫోటోలో మాత్రం అట్లాగే ఉన్నాయి.

మన కృష్ణాతీరంలో ఇటువంటిదే ఒక కథ ఉంది. అమరావతి స్తూపపు సున్నపురాతి పలకలను కొందరు పట్టుకుపోయారు, కొన్నిటిని సున్నానికి కాల్చారు. కాలిన్ మెకంజీ దొర తన మనుషుల చేత 1816 ప్రాంతంలో గీయించిన బొమ్మలు లేకపోతే, అక్కడ ఏముండేదో చాలావరకు తెలిసేది కాదు. మిగిలిన శిల్పాలలో కొన్ని మద్రాసు చేరాక, 1858లో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి వాటిని ఫోటోలు తీశాడు. కట్టడం పోయినా దాని కొలత ఎక్కడో ఒక చోట నమోదై ఉంటే, అది పూర్తిగా పోయినట్లు కాదు. మెకంజీ డ్రాఫ్ట్స్‌మన్లు కలంతో చేసిన పనినే, మన దీన్‌దయాళ్ గారు కటకంతో చేశారు.

దీన్‌దయాళ్ గారి పలకలు కూడా చాలా కాలం వంశీకుల దగ్గర పెట్టెల్లో ఉండిపోయాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వారు 2,857 గాజు నెగటివులను సేకరించి భద్రపరిచారు. గాజు పలక చేయి జారితే తిరిగి రాదు. అన్ని ఇళ్లు, అన్ని ఎండలు, అన్ని వానలు దాటి అన్ని పలకలు మిగలడం వెనుక ఆ కుటుంబం వారి ఓపిక ఉంది. 2006లో తపాలా శాఖ వారు ఆయన స్మారకంగా స్టాంపు విడుదల చేశారు. 2013లో కెనడాలోని రాయల్ ఆంటారియో మ్యూజియం వారు ఆయన ఫోటోలతో ప్రత్యేక ప్రదర్శన జరిపారు.

ఆ చూపు తర్వాతి కాలంలో

ఆయన తర్వాత కట్టడాల తీరే మారిపోయింది. సిమెంటు కాంక్రీటు వచ్చి శిల్పాలు, లతలు, తీగలు తీసివేసి, గోడను గోడగా, పెట్టెను పెట్టెగా నిలబెట్టింది. 1951 నుండి చండీగఢ్‌ను రూపొందించిన ఫ్రెంచి వాస్తుశిల్పి లె కార్బుజియే కట్టడాలు ఈ కోవలోనివి. వాటిని తీసిన లూసియెన్ ఎర్వే అనే ఫోటోగ్రాఫరు హంగేరీలో 1910లో పుట్టి, ఫ్రాన్సులో స్థిరపడిన వాడు. 1949లో మార్సెయి నగరంలో లె కార్బుజియే కడుతున్న పెద్ద నివాస భవనాన్ని చూడబోయి, ఒక్క రోజులో 650 ఫోటోలు తీశాడు. వాటిని చూసి లె కార్బుజియే ఆయనను తన ఫోటోగ్రాఫరుగా ఎంచుకున్నాడు. తర్వాత ఎర్వే చండీగఢ్ వచ్చి అక్కడి హైకోర్టును, సచివాలయాన్ని కూడా నలుపు తెలుపులలో తీశాడు. 2007లో మరణించాడు.

ఎర్వే బొమ్మలలో కట్టడం మొత్తం కనబడదు. ఒక మెట్టు అంచు, ఒక నీడ ముక్క, ఒక గోడ మూల. మిగిలినదంతా కోసి పారేసేవాడు. దీన్‌దయాళ్ గారు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన కట్టడాన్ని పునాది నుండి శిఖరం దాకా, ప్రక్క చెట్టుతో, ముందున్న మనిషితో సహా చూపిస్తారు. ఆ మనిషిని అక్కడ నిలబెట్టడంలోనూ ఎస్టిమేటరు బుద్ధి ఉందని నా అభిప్రాయం. మనిషిని చూస్తే తలుపు ఎత్తెంతో, కమాను వెడల్పెంతో కొలబద్ద లేకుండానే తెలుస్తుంది. ఒకరు కట్టడపు సారం తీశారు, ఒకరు కట్టడపు రికార్డు తీశారు. ఇద్దరూ నమ్ముకున్నది మాత్రం వెలుగు నీడల మధ్య ఉండే ఆ సన్నని గీతనే. ఎటూ తేల్చుకోమంటే మాత్రం నా ఓటు దీన్‌దయాళ్ గారికే. సారం ఎవరికి నచ్చినట్లు వారు తీయవచ్చు. రికార్డు లేకపోతే తర్వాతి వాడికి తీయడానికి ఏమీ మిగలదు.

మన వంతు పని

మన ఆఫీసులు కూడా మారిపోతున్నాయి. మంగుళూరు పెంకుల కచేరీలు, ఎత్తయిన వరండాలు, మద్రాసు మిద్దె కప్పుల గదులు ఒక్కొక్కటే కూలి, వాటి చోట చదరపు అంతస్తులు లేస్తున్నాయి. నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చాక ఆ ప్రక్క రూపురేఖలే వేరు. మా ఆగిరిపల్లి 2022లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలోకి మారింది. పాత ముద్రలు, పాత బోర్డులు మారాయి. శోభనాచలం కొండ, మెట్లు, స్వామి గుడి ఉన్న చోటనే ఉన్నా, చుట్టూ ఊరు యాభై ఏళ్ల నాటిది కాదు. ఇది తప్పని నేను అనను. చార్మినారు కట్టినప్పుడు అదీ కొత్తదే కదా. కాని పోయేదాన్ని పోయేముందు ఒకసారి నమోదు చేయాలి.

మనలో ప్రతి ఇంటి బీరువాలోనూ నలుపు తెలుపు ఫోటోలు కొన్ని ఉంటాయి. బదిలీ మీద వెళ్లే అధికారికి వీడ్కోలిచ్చినప్పుడు ఆఫీసు మెట్ల మీద రెండు వరుసలుగా కూర్చుని, నిలబడి తీయించుకున్న గ్రూపు ఫోటోలు. వెనుక ఆ పాత కచేరీ స్తంభాలు కనబడుతుంటాయి. అందులో ఎవరెవరున్నారో చెప్పగల వారు ఏటేటా తగ్గిపోతున్నారు. జీవన ధృవీకరణ పత్రం ఇవ్వడానికి ట్రెజరీకి వెళ్లినప్పుడల్లా ఆ సంగతి మనకు తెలుస్తూనే ఉంది. కనుక సభ్యులకు నా మనవి ఒక్కటే. ఆ ఫోటోలు తీసి, వెనుకవైపు మెత్తని పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా, ఊరు, ఆఫీసు, సంవత్సరం, ఎడమ నుండి కుడికి వరుసగా పేర్లు వ్రాయండి. వీలైతే మనవల చేత వాటికి కాపీలు తీయించి, ఒక నంబరు వేసి సంఘం కార్యాలయానికి ఒకటి ఇవ్వండి. ఇది ఏ పెద్ద ఖర్చూ లేని పని.

దీన్‌దయాళ్ గారికి దర్బారు ఉంది, వైస్రాయి ఉన్నాడు. మనకు అవి లేవు. కాని బొమ్మ అడుగున నంబరు, ఊరు, పేరు వ్రాయడానికి దర్బారుతో పనిలేదు. ఆ పని ఆయన ఆఫీసు బల్ల దగ్గర నేర్చుకున్నారు. మనమూ అక్కడే నేర్చుకున్నాం.